ఇల్మా? ఇల్మన్?

అమలాపురం: కువైట్, ఖతర్‌ల నుంచి సెలవులకొచ్చిన పిల్లలకి సాయంత్రాలు దీనియాత్, అంటే మతపాఠాలు, చెబుతున్నానండి. వాళ్లది ఇంట్లోనూ ఇంగ్లీషే, అరబీ ఇంకా కూడబలుక్కుంటున్నారు. ఖురాన్‌లో తాహా సూరా (అధ్యాయం) 114వ ఆయత్ (వాక్యం) చివరి దుఆ (ప్రార్థన) చార్టు మీద మూడు లిపుల్లోనూ రాద్దామని. మాకు చదువు చెప్పిన హజ్రత్ "రబ్బి జిద్నీ ఇల్మా" అని చెప్పించినట్టే గుర్తు. పిల్లల ఫోన్లో "ఇల్మన్" అనుంది. తెలుగులో ఏది రాయను?

తణుకు: రెండూ ఒప్పే. మీద ఉన్నది దో జబర్, చివర 'అన్' పలికించే రెండు గీతల గుర్తు. ఆగితే 'మా', ఆగకపోతే 'మన్'.

రాజమండ్రి: 'మన్' ఎక్కడ వినపడుతుందండీ? 115వ ఆయత్ "వ లఖద్" అని వావ్‌తో, అంటే 'వ' అక్షరంతో, మొదలు. కలిపి చదివితే నూన్ (ఆ 'న్') అందులో ఇద్గామ్ అయిపోయి, అంటే కలిసిపోయి, ముక్కుతో "ఇల్మవ్వలఖద్". ఆగినా 'మన్' లేదు, కలిపినా లేదు.

తణుకు: రాతలో ఉన్నదాని గురించి చెప్పానండి నేను.

పిఠాపురం: ముందు ఆ 'జి' సంగతి చూడండి. అక్కడుంది జాయ్, ఇంగ్లీషు z లాంటి అరబీ అక్షరం. ౙ (దంత్య జ) పెడదామంటే, ఇ ఎ ల ముందు జ తాలవ్యమేనని చిన్నయసూరి ఏనాడో తేల్చేశాడు.

తణుకు: ౙ కూడా జాయ్ కాదు మాస్టారూ. 'ౙడ' అని చూడండి, నాలిక ముందు తగిలి అప్పుడు వదులుతుంది. జాయ్‌కి అసలు అడ్డు తగలదు.

రాజమండ్రి: జ తో వచ్చే నష్టమేం లేదు, చిక్కంతా 'ఇల్మా' మొదట్లో ఉన్న ఐన్‌తోనే, గొంతులోంచి పలికే అక్షరం అది. ఐన్‌తో 'అలీమ్' అంటే సర్వం తెలిసినవాడు, అలిఫ్‌తో, అంటే మామూలు 'అ'తో, అయితే బాధ పెట్టేది. "అజాబున్ అలీమ్" (బాధ పెట్టే శిక్ష)లో ఉన్నది ఈ రెండోదే. తెలుగులో రెంటికీ ఒకటే రాత, పిల్లలు చదివే ఇంగ్లీషు అక్షరాల్లోనూ అంతే.

పిఠాపురం: మా ఊరి ఉమర్ ఆలీషా గారుంటే దీన్ని ఓ సీసంలో సర్దేసేవారు. పారశీకం చదివి తెలుగులో పద్యాలూ నాటకాలూ రాసినాయన. ఆయన పేరులోనే చూడండి, అరబీలో 'అ' హ్రస్వం, మనకి 'ఆలీ'.

తణుకు: గణం కోసం సాగదీశారంటారా?

పిఠాపురం: గణమేంటండీ, మా వీధిలో ఆలీలందరూ దీర్ఘాలే. ఆయ్.

అమలాపురం: చార్టు రేపటికి కావాలండి...

రాజమండ్రి: పిల్లలకి తెలుగు చదవడం వచ్చా అసలు?

అమలాపురం: రాదండి. అది నానమ్మల కోసం. వల్లె వేయించేది వాళ్లే.

తణుకు: అయితే 'మా' రాసెయ్యండి. పిఠాపురం మాస్టారూ, 'వలీ'ని మాత్రం ఎవరూ 'వాలీ' అనరేం మరి?