కిటికీ తెరవాలా, మూయాలా?

బోరబండ చెల్లె: మాది హైదరాబాదు బోరబండల ఒక్కటే రూము, రేకుల ఇల్లు. అండ్లనే పొయ్యి, అండ్లనే పడక. కిటికీ ఒక్కటే, అదీ రోడ్డు దిక్కు. తెరిస్తే డీసీఎం లారీల పొగ, దుమ్ము. పొద్దుగాల తుడిచిన గిన్నెల స్టాండు పగటీలికి మళ్ల నల్లగైతది. మూస్తే తాలింపు ఘాటు బయటికి పోదు. ఐదేండ్ల పిల్లగాడు రాత్రంత దగ్గుతుండు. మా అత్త మూయమంటది, ఆయన తెరువమంటడు. మీరేమంటరు?

ఆటో భయ్యా: మూయక్కా. 12 ఏండ్ల సంది ఆటో నడుపుతున్న, రాత్రి ముక్కు చీదితే రుమాలు నల్లగైతది. గ్యాసు మీద వండుకునేటోళ్లకు ఇంట్ల పొగేడిది?

ఛాతీవార్డు సిస్టర్: అంత తేలిగ్గా తీసేయకు తమ్ముడూ. దమ్ముతో మా వార్డుకొచ్చే పెద్దవయసు ఆడవాళ్లు చాలామంది బీడీ ముట్టిన పాపాన పోలేదు. ముప్పై నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊదారు, అంతే. ఇంటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఆటో భయ్యా: అదే సంస్థ బయటి గాలికి 2019ల 42 లక్షలు అన్నది గద సిస్టర్. మరి?

ఛాతీవార్డు సిస్టర్: లెక్కల పోటీ మనకెందుకు, ఊపిరితిత్తులకు రెండూ ఒకటే. గ్యాసు పొయ్యి కట్టెల పొయ్యి కన్నా వంద రెట్లు నయమే గానీ, మాడిన నూనె పొగ ఊరికే పోదు. చెల్లీ, ఒకటి అడుగుతా. రాత్రి దోమల కాయిల్ పెడతారా?

బోరబండ చెల్లె: పెడ్తం సిస్టర్. పక్కనే నాలా. కిటికీ మూసి, మంచం కింద పెడ్తం.

ఛాతీవార్డు సిస్టర్: అయ్యో! చైనా, మలేసియా కాయిల్స్ మీద చేసిన పరిశోధన ఒకటి 2003లో అచ్చయింది. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సూక్ష్మధూళి, అంటే ఊపిరితిత్తుల లోపలికంటా పోయే సన్నటి ధూళి, 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని తేల్చారు. మీరు దాన్ని పిల్లాడి తల కింద పెడుతున్నారు. ముందు అది ఆపు. రేపే బస్తీ దవాఖానాలో వాణ్ణి చూపించు, రాత్రిపూట దగ్గంటే ఆస్తమా కూడా కావచ్చు.

లెక్కల మాస్టారు: చలికాలంలో రాత్రీ తెల్లవారుజామూ గాలి నేలకు అంటుకుని ఉంటుంది, ధూళి కిందే నిలుస్తుంది. ఎండ ఎక్కితే పైకి లేస్తుంది. కనుక మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా తెరవండి. సనత్‌నగర్‌లో కాలుష్య మీటరు మీకు దగ్గరే, ఫోన్లో చూసుకోవచ్చు. సూక్ష్మధూళికి మన దేశం పెట్టుకున్న ఏడాది సగటు హద్దు ఘనపు మీటరు గాలికి 40 మైక్రోగ్రాములు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 5.

బోరబండ చెల్లె: సారూ, 12 నుంచి 4 దాంక నేను పనికాడ ఉంట, ఇంటికి తాళం. వండేది పొద్దుగాల ఐదున్నరకు, రాత్రి ఎనిమిదికి. మీ మీటరు మా గల్లీకి రాదు.

లెక్కల మాస్టారు: నిజమేనమ్మా. నా ఇంటికి నాలుగు కిటికీలున్నాయి, ఆ లెక్కలో చెప్పేశాను.

సిక్కోలు మేస్త్రి: గ్యాసు అందరికీ ఉందనుకోకండి. 2024లో ఇక్కడ తెలంగాణలో 500కే సిలిండరు ఇచ్చారు గానీ, మా రేషను కార్డు శ్రీకాకుళంలో మా ఊర్లో ఉండిపోయింది, మాకేటి వస్తది? ఐదు కేజీల బుడ్డి వంటకే చాలదు. స్నానాలకి నీళ్లు గుమ్మం బయట సెంట్రింగు చెక్కముక్కల మీద కాస్తాం. ప్లైవుడ్డు జిగురు కాలి కళ్లు మండిపోతాయి. ఆ పొగ తిన్నగా పక్కింటి కిటికీలోకి పోతది, రోజూ తగువే.

బోరబండ చెల్లె: అన్నా, మా కిటికీ కింద గూడ ఒకాయన గట్లనే కాస్తడు! నేను రోడ్డునే తిడుతున్న ఇన్నొద్దులు. ఆయనను ఏమనాలె, చలికి పిల్లలకు నీళ్లు పొయ్యొద్దంటనా?

ఛాతీవార్డు సిస్టర్: పొయ్యి కిటికీకి నాలుగడుగులు అవతలికి జరపమని అడుగు. వండేటప్పుడు, వండాక అరగంట కిటికీ తెరువు, తర్వాత మూసేయి. కాయిల్ బదులు దోమతెర.

బోరబండ చెల్లె: తెర తెస్త సిస్టర్. కని గోడకు మొల కొడితే ఓనర్ ఊకోడు. మొలలు లేకుంట రేకుల ఇంట్ల దోమతెర ఎట్ల కట్టాలె? తెల్సినోళ్లు చెప్పున్రి.