కొత్త కాంప్లెక్స్‌లో వ్యవస్థలన్నిటినీ ఒకదానితో ఒకటి కలపాలా, దేనికదే ఉంచాలా?

గంటస్తంభం, విజయనగరం (చర్చ ప్రారంభం)

మిత్రులకు నమస్కారం. విజయనగరం రింగు రోడ్డు పక్కన మా కుటుంబం ఒక వాణిజ్య భవనం కడుతోంది. కింద దుకాణాలు, పైన నాలుగు అంతస్తులు. మొదటి అంతస్తును ఒక బ్యాంకు శాఖకూ ఒక డయాగ్నస్టిక్ సెంటరుకూ అద్దెకివ్వడానికి మాట అయింది. రెండు, మూడు అంతస్తులు ఆఫీసులకు. నాలుగోది పెళ్లిళ్లకూ సభలకూ ఏసీ హాలు. స్తంభాలు లేచాయి, మొదటి స్లాబుకు సెంట్రింగ్ మొదలవుతోంది. స్లాబులో ఏయే పైపులు వెయ్యాలో ఇప్పుడే చెప్పమని మేస్త్రి అడుగుతున్నారు గనుక ఈ ప్రశ్నను ఇక వాయిదా వేయడానికి వీల్లేదు.

విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక ఇంటిగ్రేటర్ సీసీ కెమెరాలు, తలుపుల కార్డు రీడర్లు, ఏసీలు, కారిడార్ లైట్లు, లిఫ్టులు, జనరేటర్, నీటి మోటార్లు, ఫైర్ అలారం, హాలులోని సౌండ్ సిస్టం అన్నిటినీ ఒకే నెట్‌వర్కు మీదికి తెచ్చి ఒకే తెర మీద చూపిస్తామంటున్నారు. మా నాన్నగారి కాలం నుంచి మాకు పని చేస్తున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ మాత్రం, దేనికది విడిగా ఉంటేనే చెడినప్పుడు దేనికది బాగుచేసుకోగలమని పట్టుబడుతున్నారు. ఈ పరిమాణం భవనానికి మన ఊళ్లలో ఏది తగినదో అనుభవం ఉన్నవారు కారణాలతో చెప్పగలరు.

చంపావతి (భవన సేవల కన్సల్టెంట్)

తెర మీద ఏం కనిపిస్తుందన్నది చివరి సంగతి. వ్యవస్థలను కలపడం అనే పని డ్రాయింగు మీద మొదలవుతుంది, మీకు ఇప్పుడు చేతిలో ఉన్నది కూడా అదే. నేను చూసిన భవనాల్లో సగం గొడవ ఇలా వస్తుంది: కెమెరాలవాళ్లు ఒక దారిన, ఏసీవాళ్లు ఇంకో దారిన, ఫైర్‌వాళ్లు మరో దారిన కేబుళ్లు లాగుతారు, ఎవరి ట్రే వారిదే, ఆఖరున వచ్చినవారికి చోటు మిగలక దూలం పక్కనే కోర్ కటింగ్ చేస్తారు, అంటే కాంక్రీటుకు గుండ్రటి రంధ్రం కొడతారు, ఫాల్స్ సీలింగ్ వేసిన నెలకే దాన్ని విప్పుతారు. ఆర్కిటెక్టు, ఎలక్ట్రికల్ ఇంజినీరు, నెట్‌వర్కు చూసేవారు, ఫైర్ చూసేవారు ఒకే కాగితం మీద దారులు గీసుకుంటే ఈ ఖర్చులో చాలా భాగం మిగులుతుంది.

ఒకసారి కలిపితే ఒకే కంపెనీ చేతిలో ఇరుక్కుపోతామన్న భయానికి కూడా జవాబుంది. వేర్వేరు కంపెనీల యంత్రాలు మాట్లాడుకోవడానికి ఉమ్మడి భాషలున్నాయి. వాటిలో మోడ్‌బస్ 1979 నుంచి వాడుకలో ఉంది. బ్యాక్‌నెట్ 1995లో అమెరికాలోని ఏసీ ఇంజినీర్ల సంస్థ ఆష్రే ప్రమాణంగా వచ్చి, 2003లో ఐఎస్ఓ ప్రమాణం కూడా అయింది. కెమెరాలకు 2008లో మొదలైన ఆన్‌విఫ్ ఉంది. కొనే ప్రతి యంత్రమూ వీటిలో తనకు వర్తించేదాన్ని మాట్లాడాలని ఆర్డరులోనే రాయించుకుంటే, రేపు ఒక కంపెనీని మార్చినా మిగతావి కదలవు.

ఒక చట్టపరమైన కోణం కూడా చూసుకోండి. 2017 నాటి ఇంధన పొదుపు భవన నియమావళి, అంటే ఈసీబీసీ, 100 కిలోవాట్ల కనెక్టెడ్ లోడు గాని 120 కేవీఏ కాంట్రాక్టు డిమాండు గాని ఉన్న వాణిజ్య భవనాలను దృష్టిలో పెట్టుకుని రాసినది. ఏసీ హాలు, రెండు లిఫ్టులు, డయాగ్నస్టిక్ సెంటరు ఉన్న మీ భవనం ఆ గీత దాటడం దాదాపు ఖాయం. నియంత్రణలు, మీటర్ల విషయం అప్పుడు మీ ఇష్టాయిష్టాలకే వదిలేసినది కాదు.

కాశీబుగ్గ లాడ్జి

నేను పలాస-కాశీబుగ్గలో లాడ్జి, దాని కింద దుకాణాలు నడుపుతున్నవాణ్ని. కన్సల్టెంటుగారు చెప్పిన ప్రమాణాలన్నీ నిజమే కావచ్చు, కాని భవనాన్ని నడిపేది ప్రమాణాలు కావు. మా దగ్గర ఉన్నది ఒక ఎలక్ట్రీషియన్, ఇద్దరు వాచ్‌మెన్. ఏసీల సమయాలూ కారిడార్ లైట్లూ తలుపుల కార్డులూ ఒకే సాఫ్ట్‌వేరులో పెట్టించాం. పెట్టిన కుర్రవాడు ఏడాది తిరక్కుండానే ఆ కంపెనీ వదిలి హైదరాబాద్ వెళ్లిపోయాడు. అడ్మిన్ పాస్‌వర్డు ఎవరి దగ్గరుందో కంపెనీకే తెలియలేదు. ఒక గదిని రెండుగా విభజించి కొత్త ఏసీ పెట్టుకున్నప్పుడు, దాన్ని ఆ తెర మీదికి ఎక్కించడానికి అడిగిన మొత్తం ఏసీ ధరకు దగ్గరగా ఉంది. ఇప్పుడు ఆ గదిలో గోడకు మామూలు రిమోటు తగిలించి ఉంది, పని బ్రహ్మాండంగా జరుగుతోంది.

పిడుగుల సంగతి కూడా ఆలోచించండి. వేసవి చివర ఒక సాయంత్రం గేటు స్తంభం మీది కెమెరాకు పిడుగుపాటు తాకిడి వచ్చింది. ఆ కెమెరా రాగి కేబులు నేరుగా రిసెప్షన్ వెనకున్న నెట్‌వర్కు స్విచ్‌లోకి (అన్ని కేబుళ్లూ వచ్చి కలిసే పెట్టెలోకి) వస్తుంది. స్విచ్ పోయింది, దానితో పాటు తలుపుల కంట్రోలరూ పోయింది. కెమెరాకు ఒక స్విచ్, తలుపులకు ఒక స్విచ్ విడివిడిగా ఉండి ఉంటే ఒక కెమెరా పోయేది, అంతే.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అటువంటప్పుడు జనరేటర్‌ను చేత్తో తిప్పి, ఏ లైను వేయాలో ఏది ఆపాలో ప్యానెల్ బోర్డు దగ్గర నిలబడి చూసుకున్నవాడే గట్టెక్కాడు.

చంపావతి

మీరు చెప్పిన ఇబ్బందులు మూడూ నిజమైనవే, కాని మూడింటికీ కారణాలు వేరు.

మొదటిది ఒప్పందంలో లోపం. చివరి బిల్లు చెల్లించే ముందు అడ్మిన్ పాస్‌వర్డులు సీలు కవరులో యజమానికి రావాలి. ప్రతి కంట్రోలరు ప్రోగ్రాము బ్యాకప్, ఏ తీగ ఏ యంత్రానికి వెళ్లిందో చెప్పే పాయింట్ల పట్టిక, యజమాని పేరు మీద లైసెన్సు కూడా చేతికందాలి. పాయింటు ఒక్కింటికి అదనపు రేటు ఎంతో టెండరు నాడే తేల్చుకోవాలి. పని అయిపోయాక బేరం ఆడితే వాళ్లు చెప్పిందే ధర. రెండోది వైరింగులో లోపం. భవనం బయటికి వెళ్లే ప్రతి కెమెరాకూ ఫైబర్ వేసి, దాని కరెంటు లైనుకు సర్జ్ ప్రొటెక్టరు పెట్టి, ఎర్తింగ్ సరిచూస్తే పిడుగు లోపలి స్విచ్ దాకా రాదు. ఫైబర్ గుండా విద్యుత్తు ప్రవహించదు కదా. స్విచ్‌లు రెండయినంత మాత్రాన లాభం లేదు: ఆ రెంటినీ రాగి తీగతోనే కలిపితే రెండూ పోవచ్చు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యమైనది, దాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఆ ఒకే తెర వెనక ఉండే కంప్యూటరు, అంటే సర్వరు, ఉన్నది చూడటానికి, రికార్డు చేయడానికి మాత్రమే; పని చేయవలసింది ఆయా చోట్ల ఉన్న కంట్రోలర్లు. సర్వరును ఆపేసి, నెట్‌వర్కు తీగ పీకేసి, అప్పుడు ఏసీ, మోటారు, జనరేటర్ తమంతట తాము నడుస్తున్నాయో లేదో భవనం అప్పగించే రోజున మీ కళ్లెదుట చూపించమనండి. ప్రతి ప్యానెలుకూ ఆటో, మాన్యువల్ స్విచ్ ఉండాలి. ఈ పరీక్షకు ఒప్పుకోని ఇంటిగ్రేటర్‌ను పనిలో పెట్టుకోకండి.

వంశధార (ఫైర్ అలారం పనుల్లో ఉన్నవాణ్ని)

ఫైర్ అలారంను మిగతావాటితో పాటు ఒకే జాబితాలో రాసిన ఆ ఇంటిగ్రేటర్ ప్రతిపాదన చూసి నాకు కొంచెం భయం వేసింది. జాతీయ భవన నియమావళి 2016లో నాలుగో భాగం అగ్ని భద్రతకే కేటాయించారు. అలారం ఏర్పాటుకు ఐఎస్ 2189 ఉంది. ఈ వ్యవస్థకు సొంత ప్యానెల్, సొంత బ్యాటరీ, సొంత కేబుళ్లు ఉండాలి. కెమెరాల స్విచ్ హ్యాంగ్ అయిందని మంటల కబురు ఆగిపోకూడదు.

అలాగని ఫైర్ ప్యానెల్‌కు దేనితోనూ సంబంధం ఉండకూడదని కాదు. నిజానికి అన్నిటికంటే ఎక్కువ సంబంధాలు దానికే ఉంటాయి. పొగ తెలియగానే లిఫ్టులు కింది అంతస్తుకు వచ్చి తలుపులు తెరుచుకుని ఆగాలి. గాలి తిప్పే ఏసీ యూనిట్లు ఆగాలి, లేకపోతే పొగను అవే అన్ని గదులకూ పంచుతాయి. అయస్కాంత తాళాలున్న తలుపులన్నీ తెరుచుకోవాలి. ఈ పనులు సాఫ్ట్‌వేరు సందేశాల మీద ఆధారపడకూడదు. ఫైర్ ప్యానెల్‌లోని రిలే (సంకేతం రాగానే లైనును కలిపే లేదా తెంపే స్విచ్) నుంచి రెండు తీగలు నేరుగా వెళ్లి తాళాల పవర్ సప్లైని తెంపాలి; కరెంటు పోతే తెరుచుకునే రకం తాళాలే వాడాలి. బీఎంఎస్, అంటే అన్నిటినీ ఒకే తెర మీద చూపే ఆ భవన నిర్వహణ వ్యవస్థ, ఈ సంగతులను చూడవచ్చు, రాసుకోవచ్చు, ఆపే అధికారం మాత్రం దానికి ఉండకూడదు. ఫైర్ పంపు కూడా అంతే.

మీ నాలుగో అంతస్తు హాలు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పెళ్లిలో డీజే పెట్టెలు మోగుతుంటే అలారం ఎవరికీ వినపడదు. వేదిక దగ్గర సౌండువాళ్లు తగిలించుకునే ప్లగ్ పాయింట్లకు కరెంటు ఇచ్చే లైనును ఒక కాంటాక్టరు (కరెంటు లైనును తెంపగల పెద్ద స్విచ్) గుండా తీసుకువెళ్లి, దాన్ని ఫైర్ ప్యానెల్ రిలేకు కలపండి. అలారం మోగగానే పాట ఆగిపోతుంది, అప్పుడు ప్రకటన వినబడుతుంది. హాలులో మీరే బిగించిన ఆంప్లిఫయరును మాత్రమే కలిపితే చాలదు, ఎందుకంటే పెళ్లివారు తెచ్చుకునే సౌండు వేరే.

ఏది జరిగితే ఏది జరగాలో చెప్పే ఈ పట్టికను ఇంగ్లీషులో ఏ పేరుతో పిలిచినా, స్లాబు పోసే ముందే రాయించండి. ఆ రెండేసి తీగలకు పైపులు ఇప్పుడు వేయకపోతే తరువాత ఎవరూ వేయరు.

గోస్తని

భద్రత గురించి ఒక మాట. అమెరికాలో 2013లో టార్గెట్ దుకాణాల నుంచి సుమారు 4 కోట్ల క్రెడిట్, డెబిట్ కార్డుల వివరాలు దొంగలపాలయ్యాయి. దొంగలు లోపలికి వచ్చింది ఏసీ పనులు చేసే కాంట్రాక్టరుకు ఇచ్చిన లాగిన్ ద్వారా. ఏసీలనూ కార్డు యంత్రాలనూ ఒకే నెట్‌వర్కు మీద పెట్టమనేవారు ఇది మరచిపోకూడదు.

చంపావతి

ఆ ఉదంతాన్ని చాలామంది సగమే చెబుతారు. ఆ లాగిన్ ఏసీలను నడిపే వ్యవస్థది కాదు. బిల్లులు, ఒప్పందాల పనుల కోసం బయటి కాంట్రాక్టర్లకు ఇచ్చినది. అక్కడి నుంచి డబ్బు లెక్కల యంత్రాల దాకా లోపల అడ్డుగోడలు చాలినంత లేకపోవడం అసలు సమస్య. కాబట్టి మీరన్న జాగ్రత్త సరైనదే: ఒకే తీగల మీద నడిచినా కెమెరాలు, ఏసీ కంట్రోలర్లు, హాలు వైఫై వేర్వేరు వీలాన్‌లలో (ఒకదాని నుంచి ఇంకోదానిలోకి దారి లేకుండా విడదీసిన నెట్‌వర్కులలో) ఉండాలి, అతిథుల వైఫై నుంచి మరి దేనిలోకీ దారి ఉండకూడదు. బ్యాంకు సంగతికి మీరు చింతపడనక్కర్లేదు. వాళ్లు తమ కెమెరాలు, అలారం, లింకు తామే పెట్టుకుంటారు. వాళ్లకు ఒక ఖాళీ పైపు, తాళం వేసుకోగల చోటు ఇస్తే చాలు.

కాశీబుగ్గ లాడ్జి

ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. ఈ పెట్టుబడి వల్ల మిగిలే డబ్బు ఎవరిది? ఆఫీసులకు, డయాగ్నస్టిక్ సెంటరుకు వేర్వేరు మీటర్లు ఉంటాయి, బిల్లు అద్దెదారులు కట్టుకుంటారు. ఏసీని తెలివిగా నడిపి కరెంటు మిగిల్చితే లాభం వాళ్లకు, ఖర్చు యజమానికి. యజమాని జేబులోంచి పోయేది లిఫ్టులు, మోటార్లు, కారిడార్ లైట్లు, హాలు, జనరేటర్ డీజిలు. వీటి కోసం అంత పెద్ద వ్యవస్థ కావాలా? పైగా వీఆర్‌ఎఫ్ ఏసీలలో, అంటే ఒక బయటి యూనిట్‌కు చాలా లోపలి యూనిట్లు కలిపే రకంలో, లోపలి యూనిట్లకూ బయటి యూనిట్లకూ మధ్య నడిచేది ఆ కంపెనీ సొంత భాష. దాన్ని బ్యాక్‌నెట్‌లోకి మార్చే గేట్‌వే విడిగా కొనాలి. టెండరులో "బ్యాక్‌నెట్‌కు అనుకూలం" అని రాసి, గేట్‌వే ధర వేరే కాగితంలో ఇస్తారు.

చంపావతి

గేట్‌వే విషయంలో మీతో వాదించను, అది అక్షరాలా నిజం. బిల్లు ఎవరిదన్న మాట కూడా బలమైనదే. అయితే ఆ మాటే నన్ను మరో చోటికి తీసుకువెళ్తోంది: మీటర్లు. కరెంటు పోయినప్పుడు జనరేటర్ మీద ఏ అద్దెదారు ఎన్ని యూనిట్లు వాడాడన్నది నెలాఖరున ప్రతి కాంప్లెక్సులోనూ తగవే. మెయిన్స్ యూనిట్లూ జనరేటర్ యూనిట్లూ వేరువేరుగా లెక్కించే డ్యూయల్ సోర్స్ మీటర్లు పెట్టి, మోడ్‌బస్ తీగతో కలిపి ఒక కంప్యూటరులోకి తెస్తే, డీజిలు ఖర్చును ఎవరి వాటా వారికి చూపించి వసూలు చేసుకోవచ్చు. ఏసీల జోలికి పోకపోయినా ఇది మాత్రం యజమానికే ఉపయోగపడే కలయిక.

గంటస్తంభం

అందరికీ కృతజ్ఞతలు. ఇంతవరకు నాకు తేలింది రాస్తాను. ఫైర్ అలారం విడిగానే ఉంటుంది. తాళాలు, లిఫ్టులు, ఏసీ, హాలు సౌండు లైనుకు దాని నుంచి నేరు తీగలు వెళ్తాయి. కెమెరాలు, కార్డు రీడర్లు, వైఫై ఒకే కేబులింగు మీద వేర్వేరు వీలాన్‌లలో ఉంటాయి, గేటు కెమెరాలకు ఫైబర్. మీటర్లు, జనరేటర్, మోటార్లు మోడ్‌బస్ మీద. అద్దెదారుల ఏసీలు వాళ్ల ఇష్టం. హాలు ఏసీకి గేట్‌వే కొనాలా వద్దా అన్నది ఇంకా నిర్ణయించలేదు. మా ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుగారికి ఇది చదివి వినిపిస్తే, సర్వరు తీగ పీకి చూపించే పరీక్ష తన ఎదుటే జరగాలని షరతు పెట్టారు. తీగలు కింది నుంచి పైకి వెళ్లే నిలువు సందు, అంటే షాఫ్టు, ఎంత ఉండాలో కూడా చెబితే రేపు మేస్త్రికి చెప్పేస్తాను.

చంపావతి

కరెంటు తీగలకు ఒక షాఫ్టు, నెట్‌వర్కు తీగలకు ఇంకొకటి. రెండూ కింది నుంచి పై దాకా ఒకే నిలువు వరుసలో ఉండాలి. ప్రతి అంతస్తులో తలుపు తీసి మనిషి లోపల నిలబడి పని చేసుకోగలిగినంత చోటు వదలండి. నెట్‌వర్కు షాఫ్టును వీలైనంత వరకు అంతస్తు మధ్యకు తీసుకురండి: రాగి కేబులు మొత్తం పొడవు 100 మీటర్లు దాటకూడదు, అందులో గోడల్లోనూ ట్రేలలోనూ వెళ్లేది 90 మీటర్ల లోపే ఉండాలి. కేబుళ్లు లాగాక ప్రతి స్లాబు దగ్గర ఖాళీలను ఫైర్ సీలంట్‌తో మూసెయ్యాలి. వదిలేస్తే ఆ షాఫ్టే పొగగొట్టమవుతుంది. అంతస్తుకు రెండు ఖాళీ పైపులు అదనంగా వేయించి, వాటిలో లాగుడు తీగ ఉంచండి.

కాశీబుగ్గ లాడ్జి

ఆ గేట్‌వే కొనకండి. హాలు ఏసీని పెళ్లి రోజున మేనేజరే వేస్తారు, మేనేజరే ఆపుతారు.