ఆస్ట్రేలియా ‘ఖాళీ నేల’ అన్న మాటలో నిజమెంత?

కృష్ణాతీరం (మెల్‌బోర్న్): జనవరి 26 మనకి రిపబ్లిక్ డే, ఇక్కడ ఆస్ట్రేలియా డే. మా వాళ్లు రెండూ కలిపి బిర్యానీతో కానిచ్చేస్తారు. ఈసారి భోజనాల దగ్గర ఒకాయన, “ఆబోరిజినల్ వాళ్లు (ఇక్కడి ఆదివాసులు) వేటాడుకుంటూ తిరిగేవాళ్లు. దున్నారా, విత్తారా? 1788లో ఇదే రోజు బ్రిటిష్‌వాళ్లు వచ్చి ఎవరి పొలం లాక్కున్నారని? ఖాళీ నేలేగా!” అన్నారు. నాకు జవాబు తోచలేదు. మీరేమంటారు?

పాతరాళ్లు: ఆయన్ని ఓసారి బజ్ బిమ్ తీసుకెళ్లండి. మీకు పడమరగా, కారులో నాలుగు గంటలకి అటూ ఇటూ. గడ్డకట్టిన లావా రాళ్ల మధ్య గుండిజ్‌మారా అనే ఆబోరిజినల్ తెగవాళ్లు కాలువలు తీసి, అడ్డుకట్టలు వేసి ఈల్ చేపల్ని (అదే, పాముల్లా ఉంటాయే) మళ్లించి పెంచారు. కాలువ సన్నబడే చోట అల్లిన పొడుగాటి బుట్ట. మన కొల్లేట్లో మావు పెట్టినట్టే! పాతవాటికి 6,600 ఏళ్లుంటాయని లెక్కగట్టారు. 2019లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. రాతి ఇళ్ల పునాదులూ ఉన్నాయి. దేశదిమ్మరులనడానికి నోరెలా వస్తుందో!

సూటిగా_చెప్తా: ఒక్క చోటు చూపించి ఖండమంతా ఇంతే అంటే ఎలా సార్? అక్కడ 250కి పైగా భాషలుండేవి. ఎడారివాళ్ల బతుకు వేరు, ఏటి ఒడ్డువాళ్లది వేరు. వాళ్లు రైతులా వేటగాళ్లా అని పండితులే ఇంకా కొట్టుకుంటున్నారు. పాతకాలాన్ని స్వర్గం చేసెయ్యకండి.

మన్యంపిల్ల: అసలు రైతులైతేనే భూమి వాళ్లదా? మా ఏజెన్సీలో పోడు చేసుకునేవాళ్లని “పట్టా ఏదీ?” అని గద్దించినట్టుంది. ఏ గుంటలో ఎప్పటిదాకా నీళ్లుంటాయో, ఏ గడ్డి ఎప్పుడు తగలబెడితే కొత్త చిగురుకి కంగారూలొస్తాయో వాళ్లకి తెలుసు. పక్కవాళ్ల నేల మీద అడుగుపెట్టాలంటే అడిగే వెళ్లేవాళ్లు.

ఇంకోటి. 1835లో జాన్ బాట్‌మన్ అనే తెల్లాయన మీ మెల్‌బోర్న్ దగ్గరే ఆబోరిజినల్ వాళ్లకి దుప్పట్లు, కత్తులు, అద్దాలు, పిండి ఇచ్చి దాదాపు 6 లక్షల ఎకరాలు కొన్నానని కాగితం రాయించుకున్నాడు. ఖాళీ నేలకి బేరమేంటి మరి? గవర్నర్ బర్క్ అది చెల్లదన్నాడు. ఎందుకో తెలుసా? భూమి రాజుగారిదట, అమ్మడానికి వాళ్లెవరట!

సూటిగా_చెప్తా: బాట్‌మన్ సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటా. కానీ 1992లో మాబో కేసులో (ఎడ్డీ మాబో తన వాళ్ల భూమి హక్కు కోసం వేసింది) అక్కడి అత్యున్నత కోర్టే ఈ ‘ఖాళీ’ వాదనని కొట్టేసిందిగా. ఇంకా 26న మొహాలు మాడ్చుకోవడం దేనికి?

పాతరాళ్లు: కొట్టేసింది. అప్పటికే ప్రభుత్వం పూర్తి హక్కుతో ఇతరులకి అమ్మేసిన భూములు మాత్రం తిరిగి రావు. ఎడ్డీ మాబో అయితే తీర్పుకి నాలుగు నెలల ముందే పోయాడు. భూమి సంగతి పక్కన పెట్టండి, ప్రభుత్వం వాళ్ల పిల్లల్ని కూడా ఇళ్ల నుంచి లాక్కెళ్లింది కదండీ. 1910–1970 మధ్య పదిమందిలో ఒకరి నుంచి ముగ్గురిలో ఒకరి దాకా అని 1997 విచారణ నివేదిక అంచనా. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2008లో. ఇక 26 అంటారా, 1938లోనే సిడ్నీలో ఆబోరిజినల్ నాయకులు దాన్ని సంతాప దినంగా పాటించారు. ఇదేం నిన్నమొన్నటి ఫ్యాషన్ కాదు.

కృష్ణాతీరం: ఆయనతో మాట్లాడా. బజ్ బిమ్ వస్తానన్నారు. అక్కడ తిప్పి చూపించేది గుండిజ్‌మారా వాళ్లేనట, ఆ “ఎవరి పొలం” ప్రశ్నేదో వాళ్లనే అడగండి అన్నాను. కాసేపు ఊరుకుని, “వద్దులే, వాళ్లు చెప్పేది వినొస్తా” అన్నారు.