పదును, వాడి ఒకటేనా?

ప్రశ్న: ఐటీఐ విద్యార్థుల కోసం ఉక్కును గట్టిపరిచే పద్ధతుల మీద తెలుగులో పాఠం రాస్తున్నాను. హార్డెనింగ్‌కు ‘గట్టిపరచడం’ సరిపోయింది. గట్టిపడిన ఉక్కు పెళుసుదనం తగ్గేలా మళ్లీ కొంత వేడిచేసే టెంపరింగ్‌కు ‘పదును పెట్టడం’ అంటే కత్తి నూరడం అనుకుంటారేమో. ఏమంటారు?

జవాబు: సాన పట్టేవాడు ఇచ్చేది వాడి, కమ్మరి ఇచ్చేది పదును. ఉలి చేసేటప్పుడు చూడండి. మొనను ఎర్రగా కాల్చి, చివర అంగుళం మేర మాత్రమే నీళ్లలో ముంచుతాడు. మొన గట్టిపడుతుంది గాని, అలాగే వాడితే సమ్మెట దెబ్బకు గాజులా పెళుక్కుమంటుంది. అందుకే వెంటనే బయటికి తీసి, నల్లపొర పోయేలా రాతితో రుద్దుతాడు. వెనక మిగిలిన వేడి మొనవైపు పాకుతుంటే ఆ మెరుపు మీద రంగులు నడుస్తాయి: సుమారు 230 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, 300 దగ్గర నీలం. ఊదా మొనకు చేరగానే మళ్లీ నీళ్లలోకి. ఈ మొత్తం పనినీ ఆయన పదును పెట్టడమనే అంటాడు. అందులో సగమైన టెంపరింగ్‌కే ఆ పేరు పెట్టడం నాకు నచ్చలేదు.

మరొకరు: వ్యవసాయం చేసేవాళ్లకు పదును అంటే ముందు నేలే గుర్తొస్తుంది. ‘అదును పదును చూసి విత్తాలి’ అంటాం కదా. వాన వెలిసీ వెలియకముందే అరక కడితే మట్టి అంటుకుంటుంది, ఆరిపోయాక దున్నితే గడ్డలు లేస్తాయి. నడుమ ఉన్న స్థితే పదును. మరీ పెళుసు కాకుండా, మరీ మెత్తన కాకుండా చేసే టెంపరింగ్‌కు ఇంతకంటే మంచి మాట ఎక్కడ దొరుకుతుంది?

మొదటి జవాబు రాసినవారు: ఆ లెక్కన ఒప్పుకుంటాను. ఇంకో ఆధారం కూడా ఉంది. మామూలు కార్బన్ ఉక్కు ఉలిని సానచక్రం మీద ఒత్తిపట్టి నూరితే అంచు నీలం తిరుగుతుంది. చేతికి వాడిగానే తగులుతుంది, రెండు దెబ్బలకే మొద్దుబారుతుంది. వాడి వచ్చింది, పదును పోయింది! పాఠంలో ఈ ఉదాహరణ పెట్టండి, నూరడంతో గందరగోళం ఉండదు.

అయితే గేరు పళ్ల దగ్గర జాగ్రత్త. వాటికి తరచు వాడే, 0.2 శాతం కార్బన్ ఉన్న ఉక్కు కాల్చి ముంచినంత మాత్రాన అంతగా గట్టిపడదు. 900 డిగ్రీలు దాటిన వేడిలో గంటల తరబడి ఉంచి పైపొరలోకి కార్బన్ ఎక్కిస్తారు. ముంచాక పైపొర గట్టిగా, లోపల దెబ్బ తట్టుకునేలా ఉంటుంది. దాన్ని ‘పైపొర గట్టిపరచడం’ అనండి. ఆ తర్వాత 150–200 డిగ్రీల దగ్గర చేసేదే పదును.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. మరి కాల్చిన ఉక్కును వేగంగా చల్లబరిచే క్వెంచింగ్‌కు ‘ముంచడం’ అని రాయనా?

జవాబు: వద్దండీ. కొన్ని పనిముట్ల ఉక్కులు గాలిలోనే గట్టిపడతాయి, వాటిని దేనిలోనూ ముంచరు. ‘చల్లార్చడం’ అంటే కొలిమిలోనే నిదానంగా ఆరనివ్వడం కూడా అవుతుంది. ‘వడిగా చల్లార్చడం’ అనండి.