బల్లేల వాళ్లు ఎందుకు మాయమయ్యారు?

కొత్తపాఠకుడు: ముప్పయ్యేళ్ల యుద్ధం (1618–48) గురించి చదివితే ప్రతి పటాలంలోనూ పొడవాటి బల్లేలు పట్టినవాళ్లు ఉంటారు. 1704 బ్లెన్‌హైమ్ యుద్ధానికి వచ్చేసరికి వాళ్ల ఊసే లేదు. పోనీ తుపాకీ గురి బాగుపడిందా అంటే, పెద్దగా లేదంటున్నారు. మరి ఏం జరిగింది?

పాతకోట: గురి కాదండీ, బాయొనెట్, అంటే తుపాకీ మూతికి తగిలించే కత్తి. తుపాకీ మళ్లీ నింపుకునేదాకా గుర్రపు దళాన్ని ఆపడం బల్లెం పని. ఆ పని తుపాకీయే చేస్తే బల్లెంతో అవసరం ఏముంది? చిక్కల్లా మొదటి బాయొనెట్లతోనే వచ్చింది. వాటి చెక్కపిడిని గొట్టం మూతిలోకి దూర్చాలి. దూర్చాక ఇంక పేల్చడానికి లేదు.

1689 జులై 27న స్కాట్లండ్‌లోని కిల్లీక్రాంకీలో ప్రభుత్వ సేనాని హ్యూ మెకై సైనికులకు ఇదే ప్రాణం మీదికి తెచ్చింది. హైలాండర్లు (స్కాట్లండ్ కొండప్రాంతం వాళ్లు) కొండవాలు మీంచి పరుగున దిగారు. వీళ్లు కాల్చి, బాయొనెట్ దూర్చుకునేలోపే కత్తులు మీద పడ్డాయి. నిమిషాల్లో వరుసలు చెదిరిపోయాయి. పాపం, ఆ కుర్రాళ్ల చేతుల కంగారు తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆ తర్వాత మెకై బాయొనెట్‌ను గొట్టం బయట తగిలించే ఏర్పాటు చేయించాడు.

అసలు పరిష్కారం సాకెట్. గొట్టం చివర చిన్న బొడిపె ఉంటుంది. గుండ్రటి తొడుగును దాని మీదుగా ఎక్కించి తిప్పితే బిగుసుకుంటుంది. కత్తి పక్కకు జరిగి ఉంటుంది కాబట్టి, అది ఉండగానే తుపాకీ మందు కూరొచ్చు, కాల్చొచ్చు. ఫ్రాన్స్‌లో దీనికోసం పట్టుబట్టినవాడు కోటల ఇంజినీరు వోబాన్. 1703లో 14వ లూయీ బల్లేలను తీసేయించాడు.

నిప్పురవ్వ: ఒత్తిని మరిచిపోకండి. మ్యాచ్‌లాక్ (రగిలే ఒత్తితో మందు అంటించే తుపాకీ) పట్టినవాడి చేతిలో ఒత్తి రగులుతూనే ఉండాలి, ఒంటి మీదేమో మందు. అందుకే మనిషికీ మనిషికీ మధ్య ఎడం వదిలేవారు. వానొస్తే ఆరిపోతుంది, చీకట్లో శత్రువుకు కనబడుతుంది. మందు పీపాల పక్కన నిలబడే ఫిరంగి కాపలావాళ్లకు ఫ్లింట్‌లాక్‌లు (చెకుముకి రాయి రవ్వతో పేలే తుపాకులు) ముందుగా ఇచ్చింది కూడా ఈ భయంతోనే: ఫ్రాన్స్‌లో 1671లో, ఇంగ్లండ్‌లో 1685లో. చెకుముకి రాయి వచ్చాక భుజం భుజం కలిపి నిలబడగలిగారు. అంటే అంతే వెడల్పులో ఎక్కువ తుపాకులు.

కొత్తపాఠకుడు: అయితే అన్ని దేశాలూ ఒకేసారి వదిలేశాయా?

పాతకోట: లేదు. స్వీడన్ రాజు 12వ చార్లెస్ పదాతి దళంలో మూడోవంతు మంది దాకా బల్లేలతోనే ఉండేవారు. వాళ్లది దాడి పద్ధతి: దగ్గరిదాకా నడిచి, ఒకట్రెండుసార్లు కాల్చి, కత్తులూ బల్లేలతో మీదపడటం. 1709లో రష్యాతో జరిగిన పొల్టావా యుద్ధంలో కూడా అలాగే నడిచారు.