నేను బయటికి వెళ్తే మా కుక్క తట్టుకోలేకపోతోంది, ఎలా అలవాటు చేయాలి?

హైదరాబాదులో ఒక అపార్ట్‌మెంటులో ఒంటరిగా ఉంటున్న నా దగ్గర రెండేళ్ల నాటు ఆడకుక్క ఉంది. ఇన్నాళ్లూ ఇంటి నుంచే పనిచేయడం వల్ల అది నన్ను విడిచి ఉండవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు ఆఫీసుకు వెళ్లక తప్పడం లేదు. తాళంచెవులు చేతిలోకి తీసుకోగానే అది వగర్చడం మొదలుపెడుతుంది. తలుపు వేశాక ఎడతెగకుండా ఊళ పెడుతూ, గడప దగ్గర చెక్క పెచ్చులు లేచేలా గోళ్లతో గీరుతోందని ఇంట్లో పెట్టిన కెమెరాలో చూశాను. ఎంతో ఇష్టమైన ఉడికించిన కోడి కార్జం పెట్టి వెళ్లినా, నేను తిరిగి వచ్చేవరకు ముట్టదు. కాబట్టి ఇది ఏమీ తోచక చేసే అల్లరి కాదనీ, నిజమైన భయమేననీ నా అభిప్రాయం. పక్కింటివారు చెప్పినట్లు కొట్టడం, గొలుసుతో కట్టేయడం మాత్రం నేను చేయను.

చెప్పులు వేసుకొని ఇంట్లోనే కూర్చోవడం, తలుపు బయట కొన్ని క్షణాలు నిలబడి అది బెదరకముందే లోపలికి రావడం, ఆ వ్యవధిని మెల్లగా పెంచడం అనే పద్ధతిని పాటిస్తున్నాను. అయితే ఈ శిక్షణ సాగినన్నాళ్లూ దాన్ని భయపడేంత సేపు ఒంటరిగా వదలకూడదంటారు. ఉద్యోగం చేసేవారు ఆ మధ్యకాలాన్ని ఎలా నెట్టుకొచ్చారు? తోడుగా మరో కుక్కను తెమ్మని కొందరు అంటున్నారు గానీ, అది వెతికేది మనిషిని గనుక నాకు నమ్మకం కుదరడం లేదు. పశువైద్యులు ఆందోళన తగ్గించే ఫ్లూఆక్సెటిన్ మాత్రలు సూచిస్తూ, వాటి ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందనీ, శిక్షణ మానకూడదనీ చెప్పారు. ఆ మందు వాడినవారు తమ కుక్కల ఆకలిలో, హుషారులో ఏ మార్పులు గమనించారో దయచేసి తెలియజేయగలరా?