ఫైర్‌వాల్ పెట్టె చల్లగా ఉంటే లేవడం లేదు, అరగంట ఆగితే లేస్తోంది. బోర్డు పోయినట్టా?

బ్రాడీపేట నివాసి (గుంటూరు):

అందరికీ నమస్కారం. విజయవాడలో మూతపడిన ఒక ఆఫీసు సామాను అమ్ముతుంటే 3,500 రూపాయలకు ఫైర్‌వాల్ పెట్టె (ఇంటర్నెట్‌కూ లోపలి నెట్‌వర్క్‌కూ మధ్య కాపలా కాసేది) ఒకటి తెచ్చుకున్నాను. ర్యాకులో బిగించే పలచటి రకం. ముందువైపు ఆరు నెట్‌వర్క్ పోర్టులు, కంప్యూటర్ తగిలించి సెట్టింగులు చేసుకునే ఒక కన్సోల్ పోర్టు. లోపల ఇంటెల్ ఆటమ్ ప్రాసెసర్, 4 జీబీ మెమరీ. కంపెనీ పేరు రాయను, దాని తప్పేమీ లేదు. పెట్టెకు వయసు మీద పడింది, అంతే.

ఇంట్లో దీనితో పనేమిటని మా ఆవిడ కూడా అడిగింది. గేటు దగ్గర, మేడ మీద కెమెరాలు పెట్టించాం. వాటి వీడియోలు దాచే రికార్డరు రాత్రింబవళ్లు బయట ఎవరితోనో మాట్లాడుతూనే ఉంటుంది. దాన్నీ, ఇంట్లో బ్యాంకు పనులు చేసే కంప్యూటర్‌నూ ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం లేదు.

ఇక జబ్బు సంగతి. పొద్దున స్విచ్ వేస్తే లేవదు. ముందున్న పచ్చ దీపం మినుకుమంటుంది, ఫ్యాను రెక్క కొంచెం కదిలి ఆగిపోతుంది, లోపల సెకనుకొకసారి టిక్ టిక్ అంటుంది. అలాగే వదిలేస్తే అరగంటకు అటూఇటూగా తనంతట తానే లేచి సాయంత్రం దాకా బాగా పనిచేస్తుంది. ఆపి వెంటనే వేస్తే లేస్తుంది, చల్లారాక వేస్తే మళ్లీ అదే కథ. తేదీ కూడా ప్రతిసారీ 2010 జనవరికి పోతోంది. దగ్గర్లోని రిపేరు షాపుకు తీసుకెళితే మూత కూడా తీయకుండా "బోర్డు పోయింది" అన్నారు. నా దగ్గర మల్టీమీటర్, సోల్డరింగ్ ఐరన్ ఉన్నాయి, వాడటం వచ్చు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

నిదానం:

పాత ఇనుముకు వేసేయండి. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపితే కొత్త రౌటర్ వస్తుంది.

పాత రేడియో (విజయవాడ):

మాస్టారూ, పాత ఇనుముకు వేయకండి. బోర్డు పోతే అరగంట తర్వాత మాత్రం ఎందుకు లేస్తుంది? మూత తీయకుండా బోర్డు పోయిందన్నాయనకు మూత తీసే ఓపిక లేదని అర్థం.

టీవీలు, స్టెబిలైజర్లు బాగుచేస్తూ జుట్టు నెరిసినవాణ్ణి. ఈ టిక్ టిక్ నాకు పాత పరిచయం. పవర్ సప్లయిలో 230 వోల్టుల వైపు ఒక కంట్రోల్ ఐసీ ఉంటుంది. స్విచ్ వేయగానే రెసిస్టర్ల గుండా కొద్దికొద్దిగా కరెంటు వచ్చి, దాని పక్కనున్న చిన్న కెపాసిటర్ నిండుతుంది. ఆ నిల్వతో ఐసీ పని మొదలుపెడుతుంది. తర్వాత దానికి కావలసిన కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇంకో చుట్ట నుంచి వస్తుంది. ఆ చుట్ట అందుకునేదాకా ఐసీని నిలబెట్టాల్సింది ఈ చిన్న కెపాసిటరే. ఇది ఎండిపోతే నిల్వ చాలదు. ఐసీ లేస్తుంది, పడిపోతుంది, మళ్లీ నిండితే మళ్లీ లేస్తుంది. మీరు వింటున్న టిక్ అదే. కాసేపు కరెంటు మీద ఉంటే లోపలి ద్రవం వెచ్చబడి కెపాసిటర్ కాస్త కోలుకుంటుంది, పెట్టె లేస్తుంది.

చాలామంది నెత్తి ఉబ్బిన పెద్ద కెపాసిటర్లు మార్చి చేతులు దులుపుకుంటారు. ఈ చిన్నది ఉబ్బదు, నిన్న కొన్నదానిలా నిగనిగలాడుతూ ఉంటుంది. 22 లేదా 47 మైక్రోఫారడ్లు, 50 వోల్టులు అని రాసి ఉంటుంది. అన్నిటికన్నా వేడెక్కే హీట్‌సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు ముక్క) పక్కనే దీన్ని నిలబెడతారు, ఏమి డిజైనో! 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు అని రాసిన కెపాసిటర్‌కు ప్రతి 10 డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారు రెట్టింపవుతుంది. 65 డిగ్రీల దగ్గర లెక్క వేస్తే 32,000 గంటలు. ఆగకుండా నడిచే పెట్టెలో అంటే మూడున్నరేళ్ల పైచిలుకు. మన బెజవాడ మే నెలలో, ఏసీ కట్టేసిన ఆఫీసు ర్యాకులో దాని గతి మీరే ఊహించుకోండి.

ముందు బోర్డు సంగతి తేల్చుకోండి. పవర్ సప్లయి నుంచి బోర్డుకు పసుపు, నలుపు తీగలు మాత్రమే వెళుతుంటే అది 12 వోల్టులు ఒక్కటే. ఆ కనెక్టర్ పీకి, కెమెరాలవాళ్లు వాడే 12 వోల్టుల 5 ఆంపియర్ల అడాప్టర్‌తో బోర్డుకు కరెంటు ఇవ్వండి. ప్లస్, మైనస్ రెండుసార్లు చూసుకోండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు లేచిందా, బోర్డు బంగారం. ఎరుపు, ఊదా రంగు తీగలు కూడా ఉంటే ఈ పరీక్ష వద్దు, అక్కడ 5 వోల్టులు కూడా కావాలి.

పవర్ సప్లయిని విడిగా పరీక్షించేటప్పుడు ఖాళీగా కొలవకండి, ఖాళీగా ఉంటే పాడైనది కూడా 12 చూపించవచ్చు. ఆటోనగర్‌లో దొరికే కారు బ్రేకు లైటు బల్బు, 12 వోల్టులు 21 వాట్లది, తగిలించి కొలవండి.

ఇక ప్రాణం సంగతి. 230 వోల్టులు డీసీగా మారితే 325 అవుతుంది. ప్లగ్గు పీకాక కూడా అది పెద్ద కెపాసిటర్‌లో నిలిచి ఉండవచ్చు. స్క్రూడ్రైవర్ అడ్డంపెట్టి నిప్పులు రాల్చే హీరోలను అనుకరించకండి. 10 కిలో ఓములు, 5 వాట్ల రెసిస్టర్‌ను ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులతో పట్టించి కొన్ని సెకన్లు ఉంచండి. తర్వాత మీటర్ పెట్టి చూసి, సున్నాకు వచ్చాకే చెయ్యి పెట్టండి.

కెపాసిటర్లు గవర్నర్‌పేటలో కొన్నా, ఇంకెక్కడ కొన్నా 105 డిగ్రీల, తక్కువ ఈఎస్ఆర్ (లోపలి నిరోధం) రకమే అడగండి. వోల్టులు అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి. ఒంటి మీద చార ఉన్న కాలు మైనస్.

వైరు చుట్ట:

పెద్దాయన చెప్పిన దానికి కలిపేది కొంచెమే. తేదీ పోవడం బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ పని, మార్చేయండి. నిర్లక్ష్యం చేస్తే తేదీ తప్పై సర్టిఫికెట్లు చెల్లవు, వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వెళ్లే రహస్య దారి) కలవదు, మీరు ఇంకెక్కడో వెతుకుతుంటారు.

లేచాక లోపలున్న పాత సాఫ్ట్‌వేర్‌ను మాత్రం నమ్మకండి. లైసెన్సు తీరిపోయి అప్‌డేట్లు ఆగిన ఫైర్‌వాల్‌ను గుమ్మంలో పెట్టడం కన్నా ఏమీ పెట్టకపోవడం మేలు. పైగా అందులో ఆ ఆఫీసు పాస్‌వర్డులు కూడా ఉండవచ్చు, చూడకుండా తుడిచేయండి. ఆటమ్ 64 బిట్లదైతే ఓపీఎన్‌సెన్స్ అనే ఉచిత ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్ ఎక్కుతుంది. 2015లో పీఎఫ్‌సెన్స్ అనే అలాంటి సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది, రెండూ ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచేవే. మానిటర్ తగిలించే వీలు లేదు కాబట్టి సీరియల్ ఇమేజీ (కన్సోల్ పోర్టు ద్వారా ఎక్కించుకునే రకం) దించుకుని పెన్‌డ్రైవ్‌లో రాయండి. కన్సోల్ పోర్టు చూడటానికి నెట్‌వర్క్ పోర్టులాగే ఉంటుంది, కానీ దానికి యూఎస్‌బీ కన్సోల్ కేబుల్ కావాలి. వేగం 115200 పెట్టండి. పిచ్చి అక్షరాలు వస్తే 9600.

కరెంటు బిల్లు కూడా చూసుకోండి. 30 వాట్లు లాగితే నెలకు 22 యూనిట్లు.

బ్రాడీపేట నివాసి (గుంటూరు):

పెద్దాయనా, మీ నోటి చలవ. కెమెరా అడాప్టర్‌తో పొద్దున్నే బోర్డు వెంటనే లేచింది. పవర్ సప్లయి విప్పితే హీట్‌సింక్‌కు ఆనుకుని, మీరన్నట్టే, చిటికెన వేలి గోరంత లావు కెపాసిటర్. తొడుగు మాత్రం ఒకవైపు కొంచెం ముడుచుకుని, అంచున వెండిరంగు కనబడుతోంది. పీకి మీటర్‌లో పెడితే 47 ఉండాల్సింది 6 చూపింది! దాన్నీ, 12 వోల్టుల వైపున్న 1000 మైక్రోఫారడ్ల మూడింటినీ మార్చాను. వాటిలో ఒక్కటే ఉబ్బింది. ఇప్పుడు బ్రేకు బల్బు వెలుగుతుండగా 12.1 నిలకడగా ఉంది. పెట్టె స్విచ్ వేయగానే లేస్తోంది. సెల్ మార్చాను, తేదీ నిలిచింది. ఓపీఎన్‌సెన్స్ కూడా ఎక్కింది. రికార్డరును మూడో పోర్టుకు కట్టి బయటికి వెళ్లే దారి మూసేశాను.

రెండు సందేహాలు మిగిలాయి. నాలుగో పోర్టులో ఏ తీగ పెట్టినా దీపం వెలగదు. ఇంకొకటి చిన్న విషయమే, పెట్టె ఒంటి మీద వేళ్లు ఆనిస్తే సన్నగా జివ్వుమంటోంది. కొత్త కెపాసిటర్ల వల్లనా?

పాత రేడియో (విజయవాడ):

చిన్న విషయం నాలుగో పోర్టు. పెద్ద విషయం జివ్వుమనడం.

కొత్త కెపాసిటర్లకు దీనితో సంబంధం లేదు. పవర్ సప్లయి ముందుభాగంలో, ఫేజుకూ ఒంటికీ మధ్య ఒకటి, న్యూట్రల్‌కూ ఒంటికీ మధ్య ఒకటి, చిన్న నీలిరంగు కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే ఆ రెండూ 230ని పంచుకుని పెట్టె ఒంటిని సగం వోల్టుల దగ్గర నిలబెడతాయి. కరెంటు చాలా తక్కువ, అందుకే జివ్వుమని ఊరుకుంటోంది. కానీ ఆ కెపాసిటర్ షార్టయిన రోజున ఎర్త్ లేని పెట్టె జివ్వుమని ఊరుకోదు. మీటర్‌ను ఏసీలో పెట్టి, గోడ సాకెట్‌లో ఫేజుకూ పై పెద్ద రంధ్రానికీ మధ్య కొలవండి. 230 దరిదాపుల్లో రావాలి.

పోర్టు సంగతి: ప్లగ్గు పీకేసి 1, 2 పిన్నుల మధ్య, 3, 6 పిన్నుల మధ్య ఓములు కొలిచి మంచి పోర్టుతో పోల్చండి. మంచిదానిలో ఒకటి రెండు ఓములు వచ్చి దీనిలో ఏమీ రాకపోతే లోపలి ట్రాన్స్‌ఫార్మర్ చుట్ట కాలింది, ఎప్పుడో పిడుగు పడి ఉంటుంది. ఐదు పోర్టులు మిగిలాయిగా, దాని జోలికి పోకండి.

బ్రాడీపేట నివాసి (గుంటూరు):

కొలిచాను. ఫేజుకూ న్యూట్రల్‌కూ 234. ఫేజుకూ పై రంధ్రానికీ 40 లోపు ఊగుతోంది. సాకెట్ పలక విప్పి చూస్తే ఎర్త్ స్క్రూకు అసలు తీగే లేదు. పెట్టెను ఆపేశాను. ఎలక్ట్రీషియన్ ఆదివారం వస్తానన్నాడు. ఫ్రిజ్ సాకెట్ కూడా అదే గోడకు ఉంది, దాన్నీ చూడమంటాను. నాలుగో పోర్టులో 1, 2 పిన్నుల మధ్య ఏమీ రాలేదు. దానికి టేపు అంటించేశాను.